అయిదు ఊళ్ళు గీసుకున్న గీత: ఫ్రీమాంట్ చరిత్రపై ఒక సమీక్ష

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌ని తెలుగువాళ్ళకి కొత్తగా పరిచయం చెయ్యనక్కర్లేదు. బంధువుల్లో ఎవరో ఒకరి అబ్బాయో, మేనకోడలో అక్కడ ఉంటారు. వీసా మీద వెళ్ళి ఆర్నెల్లు ఉండి వచ్చిన అమ్మానాన్నలు లేక్ ఎలిజబెత్ చుట్టూ నడిచిన కబుర్లు చెబుతారు. టెస్లా ఫ్యాక్టరీ, పేరున్న స్కూళ్ళు, అందనంత ఎత్తున ఇళ్ళ ధరలు: ఆ ఊరి గురించి మనకి తెలిసింది దాదాపు ఇంతే. నిజానికి 1956 జనవరికి ముందు ఫ్రీమాంట్ అనే ఊరే లేదు. సెంటర్‌విల్, నైల్స్, ఇర్వింగ్టన్, మిషన్ శాన్ హోసే, వార్మ్ స్ప్రింగ్స్ అనే అయిదు వ్యవసాయపు ఊళ్ళు ఉండేవి. అయిదింటిలోనూ, వాటి మధ్య పొలాల్లోనూ కలిపి 22 వేల మంది. 2020 జనగణనలో అదే సరిహద్దులో తేలిన జనాభా 2,30,504.

ఈ మార్పు ఎందుకు, ఎలా జరిగిందనే దానికి ఇప్పటివరకూ వచ్చిన జవాబులు మూడు రకాలు. ఊరి పాతకాపులు చెప్పేది మొదటిది: ఆప్రికాట్ తోటల స్వర్గం, దాని మీదకి వచ్చిపడ్డ కాంక్రీటు. రెండోది ఆర్థిక చరిత్రకారులది: ఓక్లాండ్ నుంచి ఫ్యాక్టరీలూ పన్ను ఆదాయమూ తరలిపోయి శివార్లలో తేలిన కథ. మూడోది వలసల మీద పరిశోధన చేసినవాళ్ళది: ఆసియా నుంచి వచ్చిన ఇంజనీర్లు ఒక మామూలు శివారు ఊరిని తమకి కావలసినట్టు మలుచుకున్న వైనం. మూడింటిలోనూ నిజం ఉంది. కానీ మూడూ రైతుల్ని ఒక మూల కూర్చోబెట్టేస్తాయి. వాళ్ళేదో జరిగిపోతుంటే చూస్తూ ఉండిపోయినవాళ్ళన్నట్టు. నా ఉద్దేశంలో ఫ్రీమాంట్ ప్రత్యేకతంతా ఇక్కడే ఉంది. ఆ నగరాన్ని పెట్టింది ఊళ్ళవాళ్ళే. పక్క నగరం తమని మింగకుండా ఉండటానికి పెట్టుకున్నారు. తీరా ఆ నగర హోదా కాగితమే పొలాల్ని అమ్ముడుపోయే స్థలాలుగా మార్చింది.

పాతకాపుల కథకి మంచి పునాదే ఉంది. వాషింగ్టన్ టౌన్‌షిప్ అని అప్పట్లో పిలిచిన ఈ ప్రాంతపు చరిత్రని 1904లోనే స్థానిక కంట్రీ క్లబ్ మహిళలు పుస్తకంగా తెచ్చారు. మొదటి తరం రైతు కుటుంబాలు ఇంకా బతికి ఉండగానే ఆ జ్ఞాపకాలు పోగుచెయ్యడం చిన్న పని కాదు. తరవాత వచ్చిన స్థానిక చరిత్రలన్నీ ఏదో రకంగా ఆ బాటలోనివే. ఏ కుటుంబం ఏ ఏడు వచ్చింది, ఎవరి తోట ఎక్కడిదాకా ఉండేది, చర్చి ఎప్పుడు కట్టారు అనే వివరాలు వాటిలో పుష్కలం. ఎవరి నేల మీద, ఎవరి చేతులతో ఆ తోటలు లేచాయన్న ప్రశ్న దగ్గర మాత్రం గొంతు తగ్గుతుంది.

ఆ నేల ఓలోని ఆదివాసులది. 1797 జూన్ 11న స్పానిష్ పాదిరీ ఫెర్మిన్ లాసుయెన్ ఇక్కడ మిషన్ శాన్ హోసేని స్థాపించాడు. కాలిఫోర్నియా మిషన్ల వరసలో అది పధ్నాలుగోది. పశువులు, గోధుమలు, ఆలివ్ చెట్లు: ఈ లోయలో పెద్దఎత్తు వ్యవసాయం మొదలైంది అక్కడే. చేసిన చేతులు మాత్రం బాప్తిజం ఇప్పించి తెచ్చి కూర్చోబెట్టిన ఆదివాసులవి. తట్టు లాంటి జబ్బులకి వాళ్ళు గుంపులుగా పోయారు. ఈ మిషన్‌లో పెద్దరికం చేసిన ఎస్టానిస్లావ్ 1828లో తనవాళ్ళని వెంటేసుకుని బయటికి వెళ్ళిపోయి, తిరిగి రానని మెక్సికన్ సైన్యంతో పోరాడాడు. కాలిఫోర్నియాలోని స్టానిస్లాస్ నది, కౌంటీ అతని పేరుమీదివే. 1830లలో మెక్సికో ప్రభుత్వం మిషన్ల ఆస్తిని విడగొట్టినప్పుడు ఆ నేల ఆదివాసులకి చేరాలన్నది కాగితం మీది మాట. చేరింది పలుకుబడి ఉన్న కుటుంబాలకి. మిషన్ వ్యవహారాలు చూసిన హోసే దె హెసూస్ వాయెహోకి 17 వేల ఎకరాలకు పైబడిన రాంచో దక్కింది. ఓలోని వారసులు ఇప్పటికీ అమెరికా ప్రభుత్వ గుర్తింపు కోసం అడుగుతూనే ఉన్నారు. ఊళ్ళోని కాలేజీకి మాత్రం ఓలోని అనే పేరు పెట్టారు.

అమెరికన్ రైతుల కథ 1846లో బ్రూక్లిన్ అనే ఓడ దిగిన మార్మన్ మతస్థులతో మొదలవుతుంది. వాళ్ళలో జాన్ హార్నర్ ఈ లోయకి వచ్చి బంగాళాదుంపలూ కూరగాయలూ వేశాడు. 1848లో బంగారం బయటపడ్డాక కూరగాయలకి గిరాకీ లేవడం అతని అదృష్టం. గనుల్లో తవ్వేవాళ్ళకి బంగారం దొరికినా దొరక్కపోయినా కూర కావాలి గదా. హార్నర్ కొన్నేళ్ళలోనే కోటికి పడగెత్తి, 1850ల మధ్యలో ధరలు పడిపోగానే అంతా పోగొట్టుకుని, చివరికి హవాయి చేరాడు. అదే బంగారం కోసం వచ్చిన జార్జ్ ప్యాటర్సన్ తవ్వకం వదిలి నేల పట్టుకున్నాడు. అతని కుటుంబం చేతిలో ఒకప్పుడు దాదాపు 6 వేల ఎకరాలు ఉండేది. ఇద్దరి కథా పక్కపక్కన పెట్టి చదివితే, మొదటినుంచీ ఇక్కడి వ్యవసాయం తిండి కోసం చేసింది కాదని తెలుస్తుంది. పంట వెయ్యడం, నేల కొనడం, నేల అమ్మడం ఒకే వ్యాపారంలో మూడు భాగాలు. తరవాత వందేళ్ళకి పొలాలు ప్లాట్లయ్యాయని ఆశ్చర్యపోయేవాళ్ళు ఈ సంగతి మరిచిపోతారు.

1869లో నైల్స్ లోయగుండా రైలు మార్గం పూర్తయి, అమెరికా తూర్పు తీరాన్ని శాన్ ఫ్రాన్సిస్కో అఖాతంతో కలిపింది. కొండ తొలిచిన కూలీల్లో చైనీయులు ఎక్కువ. రైలు వచ్చాక గోధుమ తగ్గి పండ్లు పెరిగాయి. జాన్ రాక్ 1884లో నైల్స్‌కి తరలించిన కాలిఫోర్నియా నర్సరీ కంపెనీ పశ్చిమ రాష్ట్రాలన్నింటికీ గులాబీలు, పండ్ల మొక్కలు, తాటి జాతి చెట్లు పంపేది. 1915లో శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనకి చెట్లు ఇక్కణ్ణుంచి వెళ్ళాయి. దగ్గర్లోనే షిన్ కుటుంబపు నర్సరీ. ఆ ఇంటి అమ్మాయి మిలిసెంట్ షిన్ తన మేనకోడలు పుట్టిన రోజునుంచీ చూపు, పట్టు, మాట ఎలా వస్తున్నాయో గమనిస్తూ రాసిపెట్టుకుంది. ఆ పనికే 1898లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ అందుకుంది. అక్కడ ఆ పట్టా పొందిన మొదటి స్త్రీ ఆవిడే. ఇక 1912 నుంచి 1916 దాకా నైల్స్‌లో ఎస్సనే స్టూడియో మూకీ సినిమాలు తీసింది. చాప్లిన్ ‘ది ట్రాంప్’లో కొంత భాగం ఈ చుట్టుపక్కల తీసిందే. పల్లెటూళ్ళు అనగానే లోకం తెలియని ఊళ్ళని ఊహించుకోకుండా ఉండటానికే ఇదంతా చెప్పడం.

ఆప్రికాట్ కోత కాలం చూస్తే ఆ ఊళ్ళ నడక అర్థమవుతుంది. పండు చెట్టుమీద పూర్తిగా మాగాలి, కోశాక ఒకటి రెండు రోజుల్లో పని అయిపోవాలి. షెడ్డులో బల్లల ముందు ఆడవాళ్ళూ బడిపిల్లలూ నిలబడి, పండుని చీలిక వెంబడి రెండు బద్దలుగా కోసి, గింజ తీసేసి, కోసిన మొహం పైకి ఉండేలా చెక్క ట్రేలలో పేర్చేవాళ్ళు. ట్రేలన్నీ గదిలో పెట్టి గంధకం పొగ వేసి, తరవాత ఎండలో పరిచేవాళ్ళు. రంగు మారకుండా కాపాడేది ఆ పొగే. బళ్ళు తెరిచే తేదీ కూడా ఈ పనిని బట్టి నడిచేది. సెంటర్‌విల్‌లో కేనరీ, చుట్టూ టమేటా, కాలీఫ్లవర్, స్ట్రాబెర్రీ పొలాలు. అజోర్స్ దీవుల నుంచి వచ్చిన పోర్చుగీసువాళ్ళు కూలికి చేరి, మెల్లగా కౌలుకీ ఆపైన సొంతానికీ ఎదిగారు.

జపనీయులకి ఆ మెట్టు అందలేదు. పౌరసత్వానికి అర్హత లేని విదేశీయులు నేల కొనకూడదని కాలిఫోర్నియా 1913లో చట్టం చేసి, 1920లో ఇంకా బిగించింది. అమెరికాలో పుట్టిన పిల్లల పేరుమీదో, కౌలు ఏర్పాట్ల మీదో సాగు చేసుకున్నవాళ్ళని 1942 మేలో బస్సులెక్కించి తీసుకుపోయారు. టాన్‌ఫొరాన్ గుర్రప్పందేల మైదానంలోని శాలలకి, అక్కణ్ణుంచి యూటా ఎడారిలోని టొపాజ్ శిబిరానికి. సెంటర్‌విల్‌లో ఆ రోజుల్ని డొరొతియా లాంగ్ ఫొటోలు తీసింది. సంచులు కట్టుకుని, చక్కటి బట్టలు వేసుకుని, పిల్లల కోటుకి నంబరు చీటీలు తగిలించి బస్సుకోసం నిలబడ్డ రైతు కుటుంబాలు కనబడతాయి వాటిలో. మన సంగతి కూడా ఆ చట్టంలోదే. భగత్ సింగ్ థింద్ కేసులో 1923లో అమెరికా సుప్రీం కోర్టు భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని తేల్చడంతో, కాలిఫోర్నియా పొలాల్లో ఉన్న పంజాబీలు కూడా అదే గాటన పడ్డారు. తోటల స్వర్గం కథ చెప్పేవాళ్ళు ఈ బస్సుల్ని ఒక పేరాలో దాటేస్తే, ఆ చరిత్రని నమ్మడం కష్టం.

నీళ్ళ సంగతికి వస్తే, మూడు రకాల చరిత్రలూ దీన్ని పక్కన పెట్టడం నాకు వింతగా ఉంటుంది. అలమీడా వాగు నైల్స్ లోయ దాటి మైదానంలోకి రాగానే వేగం తగ్గి, మోసుకొచ్చిన గులకా ఇసకా విసనకర్ర ఆకారంలో పరుస్తుంది. ఆ గులకరాళ్ళ కింద ఉన్న మంచినీటి నిల్వే నైల్స్ కోన్. ఊళ్ళ బావులన్నీ దాని మీద ఆధారపడ్డవే. ఇరవయ్యో శతాబ్దపు మొదట్లో శాన్ ఫ్రాన్సిస్కోకి నీళ్ళమ్మే ప్రైవేటు కంపెనీ ఎగువన సునోల్ దగ్గర నీటిని మళ్ళించుకోవడంతో ఇక్కడ బావుల మట్టం పడిపోయింది. రైతులు కూడి 1914లో అలమీడా కౌంటీ వాటర్ డిస్ట్రిక్ట్ పెట్టుకున్నారు. రాష్ట్రంలో కొత్తగా వచ్చిన చట్టం కింద ఏర్పడ్డ మొట్టమొదటి జిల్లా అది. నగరం పుట్టడానికి నలభై ఏళ్ళకి పైగా ముందే ఈ ఊళ్ళు కలిసి ఒక సంస్థని నడపడం నేర్చుకున్నాయి.

సంస్థ వచ్చినంత మాత్రాన తోడటం ఆగలేదు. 1920లలో బావుల మట్టం సముద్ర మట్టానికి కిందకి దిగి, అఖాతం వైపునుంచి ఉప్పునీరు లోపలికి పాకింది. ఉప్పుబారిన బావి కింద స్ట్రాబెర్రీ బతకదు. 1962లో కాలిఫోర్నియా నదుల డెల్టా నుంచి నీళ్ళు కాలవగుండా రావడం మొదలయ్యాకే దీనికి మందు దొరికింది. కాలవ నీటిని వాగులోకి వదిలి, గులకలోకి ఇంకించారు. వాగుకి అడ్డంగా రబ్బరు డ్యాములు వేశారు. మన పార్వతీపురం మన్యం జిల్లా జంఝావతి మీద ఉన్నలాంటివే. ఉబ్బిస్తే నీరు నిలుస్తుంది, వరదొస్తే గాలి తీసినట్టు చదునవుతాయి. నిలిచిన నీటిని పక్కనున్న గుంటల్లోకి మళ్ళిస్తారు. ఆ గుంటలు రైలు మార్గానికీ రోడ్లకీ ఇళ్ళకీ గులక తవ్వగా మిగిలినవి. ఇప్పుడవి క్వారీ లేక్స్ అనే పార్కు. ఆదివారం పూట అక్కడ చేపలు పట్టేవాళ్ళ కాళ్ళ కింద ఊరి మంచినీళ్ళు ఇంకుతూ ఉంటాయి. తోటలు పోయాయి కాబట్టి కాంక్రీటు వచ్చిందంటారు గానీ, ఈ నీటి ఏర్పాటు లేకపోతే తోటలూ ఉండేవి కావు, రెండు లక్షల మందీ ఉండేవాళ్ళు కారు.

నగరం పుట్టుక దగ్గరికి వద్దాం. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఇళ్ళ అప్పులకి ప్రభుత్వ పూచీ, తిరిగొచ్చిన సైనికులు, దక్షిణానికి దిగుతున్న నిమిట్జ్ ఫ్రీవే: ఇవన్నీ అమెరికా అంతటా ఉన్నవే. ఇక్కడి భయానికి మాత్రం ఒక పేరుంది: హేవార్డ్. ఉత్తరాన ఉన్న ఆ నగరం పొలాల్ని ముక్కముక్కగా తనలో కలుపుకుంటూ కిందకి దిగుతోంది. నగరంగా రిజిస్టరు కాని ఊరికి దాన్ని ఆపే హక్కు లేదు. వాలీ పాండ్ అధ్యక్షుడిగా విలీన కమిటీ ఏర్పడింది. ఆరో ఊరు న్యూఆర్క్ కూడా చేరాల్సిందే. కొత్త నగరపు భారీ పరిశ్రమలన్నీ తమ నెత్తిన పెడతారన్న అనుమానంతో అది 1955లోనే విడిగా నగరమైపోయింది. అందుకే ఇవాళ మ్యాపులో ఫ్రీమాంట్ మధ్యలో న్యూఆర్క్ ఒక ద్వీపంలా కనబడుతుంది. అల్వరాడో, డెకోటో ఊళ్ళు 1959లో యూనియన్ సిటీ అయ్యాయి. నాలుగేళ్ళలో టౌన్‌షిప్ మొత్తం మూడు నగరాల పాలయింది. 1955 డిసెంబరులో అలమీడా వాగు వరదెత్తి ఊళ్ళని ముంచింది. నెల తిరగకుండానే, 1956 జనవరిలో, అయిదు ఊళ్ళూ ఓటేసి ఫ్రీమాంట్ అయ్యాయి.

పేరు ఎవరిదీ కాదు. అదే దాని సుగుణం. ఒక ఊరి పేరు పెడితే నాలుగు ఊళ్ళు అలుగుతాయి. జాన్ సి. ఫ్రీమాంట్ 1840లలో ఈ దారిన తిరిగిన సైనిక సర్వేయరు. 1856లో రిపబ్లికన్ పార్టీ తరఫున మొట్టమొదటి అధ్యక్ష అభ్యర్థి. కాలిఫోర్నియా ఆదివాసుల ఊచకోతల్లో అతని దళానికున్న చేయి గురించి 1956లో ఎవరూ పెద్దగా మాట్లాడినట్టు లేదు.

22 వేల మందికి దాదాపు 90 చదరపు మైళ్ళు. నేలా జలమూ కలిపి అంత సరిహద్దు ముందే గీసుకుని, లోపల ఏం కట్టాలో తరవాత తేల్చుకున్న ఊరిది. ఎక్కువ నగరాలు జనం పెరిగాక సరిహద్దు జరుపుకుంటాయి. ఇక్కడ వరస తిరగబడింది. ప్లాను గీసినవాళ్ళు అయిదు పాత ఊళ్ళలో ఏదీ కేంద్రం కాకూడదని, మధ్యలో ఉన్న పొలాల్లో కొత్త కేంద్రం పెట్టారు. అక్కడ షాపింగ్ సెంటరు, ఆఫీసులు, పెద్ద చెరువుతో పార్కూ వచ్చాయి. నడిచి తిరిగే బజారు మాత్రం రాలేదు. ఊరికి నడిబొడ్డు లేదనే ఫిర్యాదు ఆనాడు మొదలై ఇప్పటికీ కౌన్సిలు సమావేశాల్లో వినబడుతుంది. అయిదుగురు అన్నదమ్ముల ఉమ్మడి ఇల్లు లాంటి వ్యవహారం కదా, హాలు ఎవరిదీ కాకపోతే అలాగే ఖాళీగా ఉంటుంది.

మరి పొలాలు ఎందుకు నిలవలేదు? రైతులకి ఆశ ఎక్కువైందని కొందరు, బిల్డర్లు మోసం చేశారని కొందరు. అసలు లెక్క పన్నులో ఉంది. అప్పటి పద్ధతిలో పొలానికి పన్ను దానిమీద పండే పంటని బట్టి కాకుండా, అమ్మితే పలికే ధరని బట్టి వేసేవాళ్ళు. పక్క చేలో ఇళ్ళు లేవగానే మీ చేను విలువా పెరుగుతుంది, దాంతో పన్నూ పెరుగుతుంది. కాలీఫ్లవర్ మీద వచ్చే డబ్బు ఆ పన్నుకి చాలదు. నగరమయ్యాక రోడ్లు, మురుగు కాలవలు, బళ్ళు కావాలి, వాటికీ ఆ పన్నులే కావాలి. సాగులో ఉంచుతామని ఒప్పందం రాసిచ్చిన భూమికి సాగు విలువ మీదే పన్ను వేసే విలియమ్సన్ చట్టం 1965లో వచ్చింది. అప్పటికి ఇక్కడ చాలా తోటలు నరికేశారు. 1960లో 43,790గా ఉన్న జనాభా 1970కి 1,00,869 అయింది. హేవార్డ్ చేతికి చిక్కకూడదని తెచ్చుకున్న నగరం, తనని తాను పోషించుకోవడానికి తన పొలాల్నే తినాల్సి వచ్చింది.

రాబర్ట్ సెల్ఫ్ 2003లో రాసిన ‘అమెరికన్ బాబిలోన్’ ఇక్కడ పనికొస్తుంది. ఆయన చూపు ప్రధానంగా ఓక్లాండ్ నల్లజాతివారి పోరాటాల మీద. అయినా శాన్ లియాండ్రో, మిల్పిటాస్, ఫ్రీమాంట్లని అందులో పాత్రలుగా నిలబెడతాడు. ఫ్యాక్టరీలని రప్పించుకుని, వాటి పన్నుతో సొంత ఇళ్ళవాళ్ళ భారం తగ్గించే పోటీలో ఈ శివార్లు పుట్టాయనీ, ఆ పోటీలో ఓడింది ఓక్లాండ్ అనీ వాదిస్తాడు. జనరల్ మోటార్స్ తూర్పు ఓక్లాండ్ ప్లాంటుని వదిలి 1960ల మొదట్లో ఫ్రీమాంట్ వార్మ్ స్ప్రింగ్స్ పొలాల్లోకి రావడం దానికి నిక్కమైన ఉదాహరణ. పని కదిలిపోయింది గానీ, నల్లజాతి కార్మికులు పని వెంట ఇల్లు మార్చుకోలేకపోయారు. ఇళ్ళ అమ్మకాల్లో వివక్ష అంత గట్టిది. ఈ పుస్తకం తరవాత ఫ్రీమాంట్‌ని ఒంటరిగా చూడటం ఎవరికీ కుదరదు. ఒక్క అభ్యంతరం: దక్షిణం వైపు చూపు తిప్పినప్పుడు సెల్ఫ్‌కి కనబడేది ఫ్యాక్టరీ రాబోయే స్థలం. ఆ స్థలానికి అప్పటికే ఒక నీటి జిల్లా, ఒక కేనరీ, నేలతో వందేళ్ళ వ్యాపారం ఉన్నాయి. వార్మ్ స్ప్రింగ్స్ రైతుకి జనరల్ మోటార్స్ మొదటి కొనుగోలుదారు కాదు.

ఆ ప్లాంటు తరవాతి కథ బాగా తెలిసిందే. 1982లో మూతపడింది. 1984లో జనరల్ మోటార్స్, టొయోటా కలిసి న్యూమి పేరిట తెరిచాయి. పాత కార్మికులే, పాత యూనియనే, పని పద్ధతి మాత్రం జపానుది. 2010 ఏప్రిల్ 1న మళ్ళీ మూసేనాటికి 4,700 మంది దాకా పనిచేస్తున్నారు. మరుసటి నెలలోనే టెస్లా దాన్ని 4.2 కోట్ల డాలర్లకి కొంది. ఇప్పుడక్కడ 20 వేల మందికి పైగా ఉన్నారు. టెస్లానే ఊరికి ప్రాణం పోసిందన్నట్టు రాసేవాళ్ళున్నారు. దాని గోడలు, రైలు పట్టాలు, పరిశ్రమల జోను అన్నీ 1960లలో వేసినవి.

అఖాతం చుట్టూ ఊళ్ళని కలిపే బార్ట్ రైలు 1972 సెప్టెంబరులో నడవడం మొదలైనప్పుడు దాని దక్షిణపు చివరి స్టేషను ఫ్రీమాంట్. 2017లో వార్మ్ స్ప్రింగ్స్ తెరిచేదాకా, నలభై అయిదేళ్ళు, అదే చివర. ఊరు ఇలా పెరుగుతుంటే, కొండల మీద ఇళ్ళు కట్టకుండా ఓటర్లు 1981లో ఒకసారి, 2002లో ఇంకోసారి కట్టడి చేశారు. మిషన్ పీక్ ఇవాళ పచ్చగా, ఎండాకాలంలో గోధుమ రంగుగా కనబడటం వెనక ఆ ఓట్లూ ఉన్నాయి. కొండని కాపాడిన చెయ్యే మైదానంలో స్థలం ధర పెంచిందని కూడా ఒప్పుకోవాలి.

1965 వలస చట్టం తలుపు తీశాక, 1980ల నుంచి జనం మారారు. సోవియట్ యుద్ధం తరిమిన అఫ్గాన్లు సెంటర్‌విల్ చుట్టూ చేరి, ఆ వీధులకి లిటిల్ కాబూల్ అనే పేరు తెచ్చారు. ఖాలెద్ హొస్సేనీ ‘ది కైట్ రన్నర్’ కథలో ఫ్రీమాంట్ కనబడేది అందుకే. ఒకనాడు పంజాబీలకి నేల కొనే హక్కు లేని రాష్ట్రంలో ఇక్కడి కొండవాలు వీధికి గురుద్వారా రోడ్ అని పేరు పెట్టారు. తైవాన్, చైనా, ఇండియా ఇంజనీర్లు 1990లలో వరసకట్టారు. 2020 నాటికి ఊళ్ళో ఆసియా మూలాలవాళ్ళు 60 శాతం పైనే. తెలుగు సంగతి విడిగా చెప్పుకోవాలంటే, అటు ఫ్రీమాంట్, ఇటు ఆనుకునే ఉన్న మిల్పిటాస్ రెండూ ఒకే బస్తీ. మనబడి తరగతులు, బతుకమ్మలు, కొత్త సినిమా మొదటి ఆటకి కార్ల బారు, అన్నీ ఈ రెండూళ్ళ మధ్యే తిరుగుతాయి.

విల్లో లంగ్-అమామ్ 2017లో తెచ్చిన ‘ట్రెస్‌పాసర్స్?’ పూర్తిగా ఫ్రీమాంట్ గురించే. ఆసియావాళ్ళు శివారు ఊళ్ళో కరిగిపోలేదనీ, బడి, బజారు, ఇంటి ఆకారం మూడింటినీ మార్చారనీ, ప్రతి మార్పు దగ్గరా నియమాల పేరుతో తగువు నడిచిందనీ చూపిస్తుంది. చిన్న ఇళ్ళు పడగొట్టి పెద్దవి కట్టడం మీద ఆంక్షలు, చైనీస్ మాల్స్ మీద ఫిర్యాదులు, మిషన్ శాన్ హోసే హైస్కూల్లో తెల్ల పిల్లలు తగ్గిపోవడం లాంటి అధ్యాయాలు మనవాళ్ళెవరు చదివినా ఉలిక్కిపడతారు. ఇల్లు కొనే ముందు స్కూలు స్కోరు చూసే మన అలవాటు అందులో ఒక శక్తిగా కనబడుతుంది. 2000 ప్రాంతంలో వైబెల్ బడి పిల్లల్ని మిషన్ హైస్కూలు బదులు ఇర్వింగ్టన్‌కి పంపాలని సరిహద్దు మార్చబోతే, తల్లిదండ్రులు ఏకంగా స్కూలు జిల్లా నుంచే విడిపోవాలని చూశారు. రెండూ 1956లో కలిసిన ఊళ్ళే. నలభై ఏళ్ళ పైచిలుకు కింద ఒక నగరమైన ఊళ్ళ మధ్య పాత సరిహద్దు ఇళ్ళ ధరల రూపంలో మళ్ళీ లేచింది.

ఆ బడి పేరు వెనక కూడా పొలం ఉంది. వార్మ్ స్ప్రింగ్స్‌లో లేలండ్ స్టాన్‌ఫర్డ్ ద్రాక్షతోట, వైన్ తయారీ ఉండేవి. తరవాత స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన వైబెల్ కుటుంబం 1940లలో దాన్ని తీసుకుని షాంపేన్ తీసింది. 1990లలో తోట తీసేసి ఇళ్ళు వేశారు. సెల్ఫ్ పుస్తకానికీ లంగ్-అమామ్ పుస్తకానికీ మధ్య జారిపోయిన ముక్క ఇదే. ఒకే నేల ఎవరి చేతినుంచి ఎవరి చేతికి, ఏ పన్ను కింద, ఏ బావి నీటితో మారిందో ఊరూరా, సర్వే నంబరు ప్రకారం రాసిన చరిత్ర రావలసి ఉంది.

పన్ను కథ 1965తో ఆగలేదు. 1978లో వచ్చిన కాలిఫోర్నియా చట్టం ప్రతిపాదన 13 ఆస్తిపన్నుని కొన్న ధరలో ఒక శాతానికి బిగించి, ఏటా రెండు శాతానికి మించి పెరగకుండా కట్టేసింది. దానితో పాత ఇంటివాళ్ళకి కదలాల్సిన అవసరం తప్పింది, నగరాలకి ఇళ్ళకన్నా షాపుల అమ్మకపు పన్ను ముద్దయింది. అయినా పొలాలు ఇళ్ళు కావడం ఆగలేదు. 1980లలో ప్యాటర్సన్ల భూముల్లో ఆర్డెన్‌వుడ్ కాలనీలు లేచినప్పుడు 205 ఎకరాలు మాత్రం పార్కుగా మిగిలాయి. అక్కడ పాతకాలపు చిన్న రైలు ఉంది, మొక్కజొన్న, గుమ్మడి పండిస్తారు, బడిపిల్లలు బస్సుల్లో వచ్చి చూసి వెళతారు. గుమ్మడికాయ ఎంచుకుని ఫొటో దిగే పిల్లల్లో కొందరైనా ఆ తోటల స్థలంలో కట్టిన ఇళ్ళనుంచే వస్తారు.

ఇప్పుడు మళ్ళీ గీత కదులుతోంది. 1956లో ఊళ్ళు కోరుకున్నది తమ నేల మీద ఏం కట్టాలో తామే చెప్పే హక్కు. 2022 జనవరి నుంచి అమల్లోకొచ్చిన రాష్ట్ర చట్టం ఎస్‌బీ 9 ప్రకారం ఒకే ఇల్లుండే స్థలాన్ని రెండుగా విడగొట్టుకోవచ్చు, ఒక్కోదాంట్లో రెండేసి ఇళ్ళు కట్టుకోవచ్చు. నిబంధనలు తీరితే నగరం కాదనడానికి వీల్లేదు. 2031లోగా దాదాపు 13 వేల కొత్త ఇళ్ళకి చోటు చూపించమని ఫ్రీమాంట్‌కి వాటా వేశారు. పొలాలు ఎలాగూ లేవు. ఆ చోటుని వార్మ్ స్ప్రింగ్స్ స్టేషను పక్క ఖాళీల్లోనూ, 1960లలో కట్టిన షాపింగ్ సెంటర్ల కార్ పార్కింగుల్లోనూ వెతుకుతున్నారు.